దొరకు పడని పొగ

మా తమ్ముడి కూతురు కావ్య ఫోన్ చేసి ఏడ్చింది. ఇంట్లో ఎవరికేమైందో అనుకున్నాను. తీరా చూస్తే పోయింది పిట్ట. హసన్‌పర్తి దగ్గర కొత్తగా కట్టిన అపార్ట్‌మెంట్‌లో కావ్య, వాళ్ళాయన నవీన్ ఉంటారు. లవ్‌బర్డ్స్ జంటను కొనుక్కొచ్చి, వంట చేస్తూ వాటితో మాట్లాడుకోవచ్చని పంజరాన్ని వంటింట్లోనే వేలాడదీసింది. ఆ పొద్దున దోసెలకని నాన్‌స్టిక్ పెనం మంట మీద పెట్టింది. అంతలో ఫోన్ వస్తే బాల్కనీలోకి వెళ్ళి మాటల్లో పడింది. తిరిగి వచ్చేసరికి పెనం మాడిన వాసన. పెద్ద పొగ కూడా లేదట. పంజరం అడుగున ఒక పిట్ట చచ్చిపడి ఉంది, ఇంకొకటి నోరు తెరుచుకుని ఎగపోస్తోంది. "అత్తమ్మా, నాకైతే దగ్గు గూడ రాలె. పిట్ట ఎట్ల సచ్చిపోయింది?" అని అడిగింది. "బతికున్నదాన్ని బాల్కనీల పెట్టు. కిటికీలన్ని తెరువు. నేను వత్తాన్న" అని చెప్పి హన్మకొండలో ఆటో ఎక్కాను. దారి పొడుగునా నా చెవిలో ఒక దగ్గు వినబడుతూనే ఉంది. అది మా అమ్మ దగ్గు. కానీ నా చెవిలో ఉండిపోయింది అమ్మ గొంతుతో కాదు, ఒక రామచిలుక గొంతుతో.

నా చిన్నతనంలో మేము ఖిలా వరంగల్ పోయే దారిలో భద్రయ్య సేటు ఇంట్లో కిరాయికి ఉండేవాళ్ళం. ముందు భాగంలో సేటు వాళ్ళు, పక్క భాగంలో రెండు గదుల్లో మేము. ముందు అరుగు ఉమ్మడి. ఇంటి వెనకే సేటుకు కట్టెల మిల్లు ఉండేది. ములుగు అడవి నుంచి లారీల్లో దుంగలు వచ్చేవి. పొద్దంతా రంపం మోత. ఆ మోత ఆగిపోతే మాకు ఏదో పోగొట్టుకున్నట్టు ఉండేది. మా వంటింటి వెనక గోడ అవతలే దుంగల పెరడు. అందుకని సేటు ఆ గోడకు కిటికీ పెట్టనివ్వలేదు. కిటికీ ఉంటే దొంగలకు దారి చూపించినట్టు అవుతుందని ఆయన భయం. కాబట్టి వంటింటికి ఉన్నది ఒక్కటే దారి, మేము కూర్చునే గదిలోకి. మనుషులు ఆ దారినే వచ్చేవాళ్ళు, పొగా ఆ దారినే వచ్చేది.

ఆ పొయ్యి గురించి చెప్పకపోతే మీకు ఏమీ అర్థం కాదు. మాది పొట్టు పొయ్యి. మిల్లులో రాలిన రంపపు పొట్టు సేటు మాకు ఉత్తినే ఇచ్చేవాడు, దాంతో కిరాయి ఎక్కువన్న మాట నోట రాకుండా పోయేది. పాత డబ్బాకు అడుగున పక్కగా ఒక రంధ్రం ఉంటుంది. అందులోంచి ఒక రోకలిబండ లాంటి కర్ర లోపలికి దూర్చి, డబ్బా నడిమధ్యన ఒక సీసా నిలబెట్టి, చుట్టూ పొట్టు పోసి గుద్ది గుద్ది దట్టించాలి. ఆపైన సీసానూ కర్రనూ మెల్లగా తిప్పుతూ బయటికి లాగితే మధ్యలో ఒక గొట్టం నిలుస్తుంది. అడుగున నిప్పు పెడితే పూటంతా మండుతుంది. ఆ దట్టించే పని మా బాపమ్మది. అంటే మా బాపు తల్లి. కాళ్ళు బార్లా చాపుకుని, డబ్బాను రెండు కాళ్ళ మధ్య ఇరికించుకుని, పిడికిలితో గుద్దేది. ఇంకెవరైనా ముట్టుకుంటే ఊరుకునేది కాదు. "మీరు దట్టిత్తె పొయ్యి మండదు, మీ మొఖాలు మండుతయి" అనేది. ఎండాకాలం పొట్టు పర్వాలేదు. వానాకాలం, చలికాలం మాత్రం తడిపొట్టు లోపల్లోపల ఉడికి, మంటకన్నా ముందు పొగ ఇచ్చేది. ఆ పొగ కప్పుదాకా పోయి అక్కడ్నుంచి మెల్లగా కిందికి దిగేది. మేము నడుము వంచుకుని వంటింట్లోకి పోయి నీళ్ళు ముంచుకుని వచ్చేవాళ్ళం. బడిలో నా పక్కన కూర్చునే పిల్ల నా జడ వాసన చూసి, "మీ ఇంట్ల ఇయ్యాల పొట్టు తడిసింది గద" అని చెప్పేసేది.

ఆ పొగలో నడుము వంచుకోకుండా ఉండేది అమ్మ ఒక్కతే. రోజంతా అక్కడే ఉన్న మనిషి ఎంతసేపని వంగి ఉంటుంది. అమ్మకు ఒక దగ్గు ఉండేది. మొదట గొంతు సవరించుకున్నట్టు చిన్నగా మొదలయ్యేది, తర్వాత లోపల్నుంచి లాగి లాగి వచ్చేది, చివర ఒక సన్నని మూలుగు. అది విని ఇరుగుపొరుగు వాళ్ళు మా ఇంట్లో పొయ్యి అంటుకుందని చెప్పుకునేవాళ్ళు. బాపమ్మకు ఆ దగ్గంటే విసుగు. "ఏం దగ్గుతవే ఊకూకె? నేను ఊదలేదా పొయ్యి, నాకు రాలె దగ్గు" అనేది. మా బాపు బస్సు కండక్టరు. పొద్దున పోతే చీకటి పడ్డాక వచ్చేవాడు. ఆయన కోపిష్టి కాదు, పాపం, ఆయనకు ఆ దగ్గు వినబడేది కాదు అంతే. ఎప్పుడైనా వినబడితే "మిరియాల కషాయం తాగరాదు" అనేవాడు. ఆ కషాయం కాచడానికి అమ్మ మళ్ళీ ఆ పొయ్యి దగ్గరికే పోవాలి.

మా ఇంటికి చిలుక రావడం కూడా ఆ మిల్లు పుణ్యమే. లారీలో దిగిన ఒక దుంగకు తొర్ర ఉంది. రంపం మీదికి ఎక్కించబోతుంటే లోపల్నుంచి కీచుమని వినబడిందట. మిల్లు మనుషులు చేయి పెట్టి తీస్తే ఈకలు కూడా సరిగా రాని చిలుక పిల్ల. గుమ్మం ముందు ఎప్పుడూ కనబడే ముసలమ్మ అని తెచ్చి బాపమ్మ ఒడిలో వేశారు. బాపమ్మ పుట్నాల పిండి నీళ్ళలో కలిపి వేలి చివరన పెట్టి తినిపించింది. రాత్రుళ్ళు గోనె సంచి ముక్కలో చుట్టి తన మంచం కింద పెట్టుకుంది. మమ్మల్ని కూడా అంత గారాబంగా పెంచి ఉండదు. ఈకలు వచ్చాక, ముక్కు ఎర్రబడ్డాక, అది కూర్చున్న చోటు నుంచి కదలకుండా అరిచి అన్నీ తెప్పించుకోవడం మొదలుపెట్టింది. "పని లేదు పాట లేదు, కూసోని తింటాండు, మీదికెల్లి మనల్నే తిడుతాండు. వీడు చిలుక గాదు, దొర" అంది బాపమ్మ. ఆ పేరే ఖాయమైంది. పిట్ట ఆడదో మగదో కూడా మాకు తెలియదు.

దొర మొదట నేర్చిన మాట "చాయ్". రెండోది నా పేరు, సరళ అనడం రాక "సల్లా" అనేవాడు. మూడోది మాట కాదు, దగ్గు. ఒకరోజు సేటు భార్య మా గుమ్మంలో నిలబడి, "మీ కోడలికి దగ్గు తక్కువ గాలేదా, మందన్న తాపరాదు" అని బాపమ్మతో అంటోంది. అప్పుడు అమ్మ బిందె పట్టుకుని నల్లా దగ్గర ఉంది. దగ్గుతున్నది పంజరంలో దొర. చిన్నగా గొంతు సవరించుకోవడం, లాగి లాగి దగ్గడం, చివర ఆ సన్నని మూలుగు, ఒక్కటి పొల్లు పోకుండా దించేశాడు. మేమందరం కడుపు పట్టుకుని నవ్వాం. చుట్టాలు వస్తే దగ్గించి చూపించేవాళ్ళం. అమ్మ కూడా నవ్వేది, కొంగుతో కళ్ళు తుడుచుకుని. నవ్వితే ఆమెకు మళ్ళీ దగ్గు వచ్చేది, అది విని దొర, దొరను విని మేము. ఆ నవ్వులు ఇప్పుడు తలుచుకుంటే నాకు ఏమంత నవ్వు రాదు.

ఆ ఏడు చలి గట్టిగా పట్టింది. ఇంటి పక్కనున్న మా చిన్న పెరట్లో పిల్లులు తిరుగుతున్నాయని, వెచ్చగా ఉంటుందని బాపమ్మ పంజరాన్ని వంటింట్లో పొయ్యి పక్క గోడకు తగిలించింది. అంతకన్నా మంచి చోటు ఇంట్లో లేదని ఆమె నమ్మకం. ఆ గోడ దగ్గర ఏమేం ఉండేవో ఇప్పుడు లెక్కేసుకుంటే ఒళ్ళు మండుతుంది. తడిపొట్టు పొగ ఎలాగూ ఉంది. దాని పైన ఎండుమిర్చి పోపు. కరెంటు పోతే గాసునూనె దీపం. శుక్రవారం సాంబ్రాణి. బాపు అన్నం తిన్నాక అక్కడే చలికాచుకుంటూ కాల్చే బీడీ. కొన్నాళ్ళకు దొర అరవడం తగ్గించాడు. జామపండు పెడితే ముక్కుతో తోసేశాడు. ఈకలు ఉబ్బించుకుని, కళ్ళు సగం మూసుకుని, ఊపిరి తీసినప్పుడల్లా తోక కిందికీ పైకీ ఊగేది. మాట లేదు, ఒక్క దగ్గు తప్ప. ఆ దగ్గును మేము ఆటే అనుకున్నాం.

బాపమ్మకు మాత్రం సంగతి వెంటనే తెలిసిపోయింది. దిష్టి. పాలకుర్తి నుంచి వచ్చిన చుట్టం ఒకామె "ఎంత ముద్దుగున్నడే" అని పంజరం ముందు అరపూట కూర్చుని పోయింది మరి. బాపమ్మ గుప్పెట్లో ఉప్పు, ఆవాలు, ఎండు మిరపకాయలు పట్టుకుని దొర చుట్టూ తిప్పి పొయ్యి గొట్టంలో వేసింది. మిరపకాయలు కాలి ఘాటు వచ్చి అందరూ దగ్గితే దిష్టి లేనట్టు. ఘాటు రాకపోతే దిష్టి గట్టిగా ఉన్నట్టు. ఇది మాకందరికీ తెలిసిన శాస్త్రమే. ఆ రోజు ఘాటు రాలేదు. "సూసినవా, జర్రంత గూడ ఘాటు రాలె. ఎంత దిష్టి తాకిందో పిట్టకు" అని బాపమ్మ ఇంకో గుప్పెడు వేసింది. అప్పటికీ రాలేదు. సాంబ్రాణి కూడా తెప్పించింది. మామూలు కట్టెల పొయ్యి అయితే మిరపకాయలు మంట మీద పడి వెంటనే కాలేవి. మా పొట్టు పొయ్యిలో అవి గొట్టం అడుగున బూడిదలో పడి ఊరుకున్నాయి, అంతే. ఈ సంగతి ఎవరికి తట్టింది? మూడో గుప్పెడు వేశాక మొత్తం ఒక్కసారిగా అంటుకుంది. ఇంట్లో ఎవరికీ కళ్ళు తెరవరాలేదు, ఊపిరి ఆడలేదు. బాపమ్మ దగ్గుతూనే "పోయింది, దిష్టి పోయింది" అంటోంది. అప్పుడు పంజరంలో ధబ్బుమని వినబడింది. దొర కొమ్మ మీంచి కింద పడ్డాడు.

అమ్మ పరుగెత్తుకొచ్చి పంజరం కొక్కెం నుంచి ఊడబెరికినట్టు తీసి పెరట్లోకి ఉరికింది. జామచెట్టు కింద పంజరం దించి, దొరను చేతిలోకి తీసుకుని, కొంగుతో విసురుతూ కూర్చుంది. నేను వెనకాలే పోయాను. దొర నోరు తెరిచి ఎగపోస్తున్నాడు. అమ్మా అలాగే ఎగపోస్తోంది. చాలాసేపటికి దొర కళ్ళు తెరిచాడు. సాయంత్రానికి పంజరంలో నిలబడ్డాడు. చీకటి పడ్డాక పిల్లుల భయానికి లోపలికి తెస్తే, తెల్లారేసరికి మళ్ళీ మూలకు ఒదిగిపోయాడు. అమ్మ మళ్ళీ బయటికి తీసుకుపోయింది, మళ్ళీ లేచాడు. అమ్మ ఇంట్లో ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఆ రోజు బాపమ్మ దగ్గరికి వచ్చి నిలబడి, "అత్తమ్మా, బయట ఉంటె లేత్తాండు, లోపలికత్తె పంటాండు. దిష్టి గాదు, పొగ" అంది. బాపమ్మ ఏదో అనబోయింది కానీ, పిట్ట మీద ప్రాణం ఉన్న మనిషి కాబట్టి ఊరుకుంది.

మరునాడు బాపమ్మ, అమ్మ, నేను ముగ్గురం రిక్షా ఎక్కి, పంజరానికి తువ్వాల చుట్టుకుని పశువుల దవాఖానకు పోయాం. అక్కడ బర్రెలు, మేకలు, వాటి యజమానులు, అందరూ మమ్మల్ని చూసి నవ్వారు. డాక్టరు వయసులో చిన్నవాడే. "నాకు బర్లు ఎర్క, ఎడ్లు ఎర్క. చిలుకను చేతుల పట్టుకునుడు ఇదే మొదలు" అన్నాడు. అయినా పట్టుకున్నాడు. దూదిని నీళ్ళలో ముంచి దొర ముక్కు రంధ్రాల దగ్గర తుడిస్తే దూది నల్లగా వచ్చింది. ఎక్కడ పెడతారని అడిగాడు. "పొయ్యి కాన్నే సారు, ఎచ్చగ ఉంటదని" అంది బాపమ్మ. సరిగ్గా అప్పుడే దొర దగ్గాడు, ఆసాంతం, చివర మూలుగుతో సహా. డాక్టరు అదిరిపడ్డాడు. పక్కన నిలబడ్డ అమ్మకు ఆపుకోలేక దగ్గు వచ్చింది. రెండూ ఒకటే దగ్గు. డాక్టరు నవ్వబోయి ఆగిపోయాడు. "పిట్ట ఊపిరి శానా సున్నితం అమ్మా. మనిషి ఓర్సుకునే పొగకు అది ఓర్సుకోదు. దీనికి నా దగ్గర మందు లేదు. గాలి కావాలె, అంతే" అన్నాడు. తర్వాత బాపమ్మ వైపు తిరిగి, "ఈ దగ్గు ఎవరిది, ఎవరి దగ్గర నేర్సుకున్నది?" అని అడిగాడు. "మా కోడలిది సారు." "మరి కోడల్ని ఏ దవాఖానకు తీస్కపోయిండ్రు?" బాపమ్మ ఆయన ముఖంలోకి చూసి, "ఆమెకేమైంది సారు, మంచిగనే ఉన్నది గద" అంది.

ఆ సాయంత్రం బాపు విని, ఆయనకు తోచిన న్యాయం చెప్పాడు. పాలకుర్తిలో మా మేనత్త ఇల్లు, పెద్ద వాకిలి, నాలుగు దిక్కులా గాలి. దొరను అక్కడికి పంపేద్దాం. "ఈడ ఉంటె సస్తడు, ఆడ ఉంటె బతుకుతడు. ఇంకేం ఫికర్?" అన్నాడు. బాపమ్మ కంచం ముందు నుంచి లేచిపోయి గోడ వైపు తిరిగి పడుకుంది. మరునాడూ తినలేదు. ఆమెకు ఆ ఇంట్లో తన సొంతం అనుకున్నది ఆ పిట్ట ఒక్కటే అని నాకు అప్పుడు తెలిసింది. బాపుకు ఎటూ పాలుపోలేదు. పిట్టను పంపితే తల్లి తిండి మానేస్తుంది, ఉంచితే పిట్ట చస్తుంది. అప్పుడు అమ్మ వంటింట్లోంచి బయటికి వచ్చింది. చేతికి మసి. "దొర యాడికి పోడు. గోడ పోతది" అంది. బాపు అర్థం కానట్టు చూశాడు. "ఎనుక గోడకు పైన తొవ్వ జేత్తె పొగ పెరట్లకు పోతది. సేటును అడుగుత" అని చెప్పి కొంగు నడుముకు దోపుకుని బయల్దేరింది. నేనూ వెంట పోయాను. అమ్మ ఒకరిని ఏదైనా అడగగా నేను అంతకుముందు చూడలేదు.

భద్రయ్య సేటు చెడ్డవాడు కాదు. కాని గోడ అంటే ఆయనకు ప్రాణం. "చిలుక కోసం గోడ పలగ్గొట్టాల్నా చెల్లె? మంది ఇంటె నవ్వుతరు" అన్నాడు. నవ్వనీ అంది అమ్మ. "నవ్వు సంగతి పక్కకు వెట్టు. ఎనుక నా దుంగలున్నయి. ఒక్క నిప్పు రవ్వ పడ్డదనుకో, నా బతుకు బూడిదైతది." ఆ భయం అబద్ధం కాదని అమ్మకు కూడా తెలుసు. "సన్న ఇనుప జాలి కొట్టిద్దాం అన్నా. రవ్వ బయటికి పోదు, దొంగ లోపలికి రాడు" అంది. సేటు తల అడ్డంగా ఊపి లోపలికి పోయాడు. అమ్మ మళ్ళీ అడగలేదు, బతిమాలలేదు. ఇంటికి వచ్చి కాసేపు అలా గుమ్మంలో నిలబడి ముందు అరుగును చూసింది.

తెల్లారి పొట్టు పొయ్యి వంటింట్లో లేదు. ముందు అరుగు మీద, సరిగ్గా సేటు వాళ్ళ ముందు గది కిటికీ కింద ఉంది. అరుగు ఉమ్మడి కదా, ఎవరూ కాదనలేరు. ఇందులో నాకు నచ్చిన ముచ్చట ఏమిటంటే, అన్నం మానేసి పడుకున్న బాపమ్మ లేచి వచ్చి, అరుగు మీద కాళ్ళు చాపుకుని డబ్బా దట్టించింది. "పొట్టు జర తడిగున్నదే" అంది. "ఉండనియ్యి అత్తమ్మా" అంది అమ్మ. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు గానీ, అత్తాకోడళ్ళు ఒకే మాట మీద ఉండగా నేను చూసింది అదే మొదటిసారి. పొగ గాలివాటున సేటు కిటికీలోకి పోయింది. సేటు భార్య కళ్ళు నలుపుకుంటూ వచ్చి, "ఇదేందమ్మా, మా ఇల్లంత పొగ చేత్తాన్నవ్?" అంది. "వొదినే, జర ఓర్సుకోండ్రి. లోపల పెడితె పిట్ట సస్తాంది" అని అమ్మ మెత్తగా చెప్పింది. ఎంత మెత్తగా అంటే తిట్టడానికి కూడా వీలు లేదు. ఆ పూట, ఆ తర్వాతి పూట, మరునాడు కూడా పొయ్యి అక్కడే. సేటు ముందు గదిలోనే కట్టె కొనేవాళ్ళు వచ్చి కూర్చునేది. వాళ్ళు బేరం చేయలేక దగ్గుతూ లేచిపోతున్నారు. చివరికి సేటే బయటికి వచ్చాడు, కళ్ళు ఎర్రగా. "ఇదేం లొల్లి చెల్లె, ఎన్నొద్దులిది?" అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి నిలబడింది. "పొగ యాడికో ఓ కాడికి పోవాలె గద అన్నా. మా ఇంట్లకు పోతె పిట్ట సస్తది. మీ ఇంట్లకు పోతె మీరు దగ్గుతరు. పెరట్లకు పోతె ఎవ్వరు దగ్గరు. ఎటు పంపాల్నో నువ్వే చెప్పు." సేటు జవాబు చెప్పడానికి నోరు తెరిచాడు, దగ్గు వచ్చింది. మధ్యాహ్నానికి మేస్త్రీని ఆయనే పంపాడు, జాలి కూడా ఆయనే కొట్టించాడు.

మేస్త్రీ గడ్డపార ఎత్తబోతుంటే అమ్మ అడిగి తీసుకుంది. మొదటి దెబ్బ తనే వేసింది. మసి పెళ్ళలు పెళ్ళలుగా రాలింది. ఇంకో నాలుగు దెబ్బలకు ఇటుక కదిలింది, మిగతాది మేస్త్రీ తీశాడు. పొగ కంటే ముందు ఆ దారిన వచ్చింది వెలుతురు. ఆ వంటింట్లో పగటి వెలుతురు పడగా మేమెవ్వరమూ చూసి ఉండలేదు. గోడలు తారు పూసినట్టు ఉన్నాయి. దొర పంజరం తగిలించిన చోట గోడ మీద పంజరం ఆకారం ఒక్కటి కాస్త తెల్లగా ఉంది. బాపమ్మ గుమ్మంలో నిలబడి లోపలికి చూస్తోంది. ఆమె చూపు గోడల మీద తిరిగి తిరిగి అమ్మ ముఖం దగ్గర ఆగింది. "నీ కండ్లు గిట్ల ఎర్రగ ఎప్పటి సంది ఉన్నయే?" అని అడిగింది. అమ్మ గడ్డపార గోడకు ఆనించి, కొంగుతో ముఖం తుడుచుకుంది. "పెండ్లయి వచ్చిన కాన్నుంచి" అంది. ఆ సాయంత్రం బాపమ్మే వంట చేసింది.

దొర బతికాడు. చలి తగ్గేసరికి మళ్ళీ అందర్నీ తిట్టడం మొదలుపెట్టాడు. అమ్మ మాత్రం అక్కడితో ఊరుకోలేదు. ఇంట్లో ఒక చట్టం పెట్టింది, దాని పేరు "దొరకు పడదు". బాపు బీడీ ముట్టించుకుంటే, "బయటికి పోయి కాల్సుకో, దొరకు పడదు." శుక్రవారం సాంబ్రాణి వాకిట్లోనే, దొరకు పడదు. తడిపొట్టు సేటుకు తిప్పి పంపేది, దొరకు పడదు. దోమల మందు కొట్టేవాళ్ళు వచ్చినా, గోడలకు సున్నం వేసినా ముందు పంజరం జామచెట్టు కిందికి పోవాలి, వెనకాల మేమూ పోవాలి. మా మేనమామ సిగరెట్టుతో గుమ్మంలోకి వచ్చి, "చిలుకకు నేను భయపడాల్నా" అంటూనే పారేశాడు. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు నవ్వారు గానీ, వాళ్ళల్లో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు వచ్చి మా వంటింటి గోడను చూసి, కొలత అడిగి పోయారు. అమ్మ దగ్గు మెల్లమెల్లగా సన్నబడింది. వింత ఏమిటంటే దొర మాత్రం ఆ పాత దగ్గును మర్చిపోలేదు. పొద్దున పొయ్యి అంటుకోగానే అమ్మకు రాని దగ్గు వాడు దగ్గేవాడు. "నేను మంచిగనే ఉన్న దొరా" అని అమ్మ జవాబు చెప్పేది.

నేను కాలేజీలో ఉండగా మా ఇంటికి గ్యాసు పొయ్యి వచ్చింది. పొట్టు డబ్బా పెరట్లో తులసి మొక్కకు కుండీ అయింది. ఆ రోజు చాయ్ తాగుతూ నేను, "ఇగ నీ చట్టం అవసరం లేదు. దొరకు పొగ బాధ తీరింది" అన్నాను. అమ్మ నవ్వింది. "దొర పేరు జెప్పిన గానీ, అన్ని దొర కోసమేనా బిడ్డా?" అంది. నేను గ్లాసు కింద పెట్టాను. "నాకు పడదు అని ఎన్నేండ్లు దగ్గిన. ఎవ్వరికి ఇనబడలె. అదే దగ్గు చిలుక దగ్గితె ఇంటిల్లిపాది ఉరికిండ్రు, రిక్షా గట్టి దవాఖానకు తీస్కపోయిండ్రు. గప్పుడే సమజైంది నాకు, ఏది అడిగినా వాని పేరు మీదనే అడగాలె అని." ఇది చెప్పేటప్పుడు ఆమె గొంతులో నిష్ఠూరం లేదు, ఒక ఉపాయం చెప్పినట్టే చెప్పింది. ఆ దగ్గును చూపించి చుట్టాలను నవ్వించిన వాళ్ళల్లో నేను కూడా ఉన్నాను కదా. దొర ఆ తర్వాత కొన్నేళ్ళకు ముసలివాడై పోయాడు. అమ్మ పోయేదాకా మెట్లెక్కితే ఆయాసపడేది. ఆ చీకటి వంటింట్లో పోయిన ఊపిరి గోడ పగలగొట్టినా తిరిగి రాలేదు.

కావ్య వాళ్ళింటికి పోయేసరికి బతికిన పిట్ట బాల్కనీలో కొమ్మ పట్టుకుని నిలబడి ఉంది. చచ్చిపోయిన దాన్ని తువ్వాలలో చుట్టి పెట్టింది. నేను ముందు అమ్మ చట్టమంతా చదివాను. మాడితే కంటికి కనబడని విషం వదిలే ఈ నాన్‌స్టిక్ పెనాలు ఇంట్లోంచి తీసెయ్. గదిలో కొట్టే సెంట్లు, అగరుబత్తి, దోమల మందు పిట్ట ఉన్నచోట వద్దు. గోడలకు రంగు వేస్తే ముందు పంజరం బయటికి. కావ్య బుద్ధిగా తలూపింది. దొర సంగతి, అరుగు మీద పొయ్యి సంగతి చెబితే ఏడుపులోనే నవ్వింది. తర్వాత నాకు చాయ్ పెడతానని పొయ్యి వెలిగించింది. పైన చిమ్నీ నోరు తెరుచుకుని చూస్తోంది గానీ తిరగడం లేదు. అడిగితే దసరా ముందే చెడిపోయిందంది. పోపు పెడితే కళ్ళు మండుతాయట, తల నొస్తుందట. "ఎన్నిసార్లో చెప్పిన అత్తమ్మా. నవీన్ బిజీ. నాకేం గాదులే, అలవాటైంది" అని, చటుక్కున ఏదో తట్టినట్టు ముఖం వెలిగి, "ఇప్పుడు పిట్ట కోసమని చెప్తె రేప్పొద్దుగాల్నే చేపిస్తడు చూడు" అంది.

అది మా అమ్మ ఉపాయమే. నేను చెప్పిన కథలోంచే పట్టుకుంది పిల్ల. నేను సంతోషించాలి. కానీ నాకు ఎంత కోపం వచ్చిందంటే కావ్య అందించిన చాయ్ గ్లాసు అక్కడే పెట్టేశాను. మా అమ్మకు వేరే దారి లేదు, పిట్టను అడ్డం పెట్టుకుంది. చదువుకుని ఉద్యోగం చేస్తున్న ఈ పిల్లకు ఇంకా పిట్ట ఎందుకు? నేనే నవీన్‌కు ఫోన్ చేశాను. "అత్తమ్మా, పిట్ట బాగనే ఉంది గదా?" అన్నాడు. మంచి పిల్లాడే, మా బాపులాగే. "పిట్ట బాగనే ఉన్నది బాబూ. మీ చిమ్నీ బాగ లేదు. బాగు చేపియ్యాలె" అన్నాను. "అయ్యో, అవును, పిట్టకు పొగ పడదు గదా. రేపే చేపిస్త" అన్నాడు. కావ్య నా వైపు చూసి కన్ను గీటింది, ఊ అను, అక్కడితో సరిపోతుంది అన్నట్టు.

నేను ఊ అనలేదు. "పిట్ట బాల్కనీల ఉన్నది. దానికి చిమ్నీతోని పని లేదు" అన్నాను. "కావ్యకు పడదు."

కావ్య నవ్వు ఆగిపోయింది, ముఖం పక్కకు తిప్పుకుంది. "అవును అత్తమ్మా, రేపు మనిషిని పిలుస్త" అన్నాడు నవీన్ మెల్లగా. ఆ మనిషి వచ్చి, చిమ్నీ తిరిగి, నా కళ్ళ ముందు పొగ బయటికి పోయేదాకా నేను ఇక్కడే ఉంటానని చెప్పి ఫోన్ పెట్టేశాను.